కబ్జాకు గురైన ప్లాటు కోసం ఆశ్రయించిన న్యాయవాదుల కార్యాలయం: పనితీరుపై సమీక్ష

మా నాన్నగారి పేరున ఉన్న ఇంటి స్థలంలో మాకు పరిచయం లేని వ్యక్తులు రేకుల గది వేసి, చుట్టూ కడీలు పాతి, ఆ ప్లాటు తాము కొనుక్కున్నదేనని చెప్పడంతో, స్థిరాస్తి వివాదాలను ప్రధానంగా చేపట్టే ఒక న్యాయవాదుల కార్యాలయాన్ని మేము ఆశ్రయించాము. దావా ఇంకా విచారణలో ఉన్నందున ఆ కార్యాలయం పేరు గానీ ఊరు గానీ ఇక్కడ రాయడం లేదు. అయితే ఇలాంటి సేవకు డబ్బు చెల్లించేవారు ఏమి ఆశించవచ్చో, ఏ విషయంలో గట్టిగా అడగాలో తెలియజేయడానికి మా అనుభవం పనికివస్తుందని నమ్ముతున్నాను. తెలుగు రాష్ట్రాల్లో ఖాళీ ప్లాట్లున్న కుటుంబాలలో చాలామందికి చట్టం తమ వైపే ఉందన్న ధీమా ఉంటుంది. కానీ ఏ చట్టం, ఎంత గడువులోపు, ఏ రూపంలో తమకు ఉపయోగపడుతుందో మాత్రం తెలియదు. ఆ కార్యాలయం మాకు చేసిన అసలైన మేలు ఈ లోటును పూరించడమే.

తొలి సమావేశంలో వారు దస్తావేజుల కట్ట తెరవకముందే తేదీల గురించి అడిగారు. స్థలం ఖాళీగా ఉండగా మేము చివరిసారి ఎప్పుడు చూశాము, గది ఎప్పుడు వేశారు, ఆ సంగతి మాకు ఎవరి ద్వారా తెలిసింది, దానికి ఆధారంగా ఫోటో గానీ పొరుగువారి మాట గానీ ఉందా అన్నవే మొదటి ప్రశ్నలు. దీనికి కారణాన్ని ఓపికగా వివరించారు. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం, చట్టబద్ధమైన ప్రక్రియ లేకుండా, తన సమ్మతి లేకుండా స్థిరాస్తి నుంచి వెళ్లగొట్టబడిన వ్యక్తి, ఆరు నెలల్లోపు దావా వేస్తే, ఆస్తి ఎవరిదన్న విచారణతో నిమిత్తం లేకుండానే స్వాధీనాన్ని తిరిగి పొందవచ్చు. ఆ తీర్పుపై అప్పీలు గానీ పునస్సమీక్ష గానీ ఉండదు. ప్రభుత్వంపై మాత్రం ఈ దావా వేయడానికి వీలులేదు. ఆరు నెలలు దాటితే ఈ దారి మూసుకుపోతుంది. కబ్జా సంగతి తెలిశాక బంధువులతో, మధ్యవర్తులతో మాటలు సాగదీస్తూ ఈ గడువును పోగొట్టుకునేవారు ఎక్కువమంది ఉంటారని వారు చెప్పినప్పుడు, తేదీలతో ఎందుకు మొదలుపెట్టారో మాకు అర్థమైంది.

గడువు దాటినంత మాత్రాన యజమాని హక్కు పోదు. హక్కు ఆధారంగా స్వాధీనం కోరే దావాకు 1963 నాటి కాలపరిమితి చట్టంలోని 65వ అధికరణం 12 ఏళ్ల గడువు ఇస్తుంది. ఆ గడువు మనం కొన్న నాటి నుంచి కాక, ఎదుటివారి స్వాధీనం మన హక్కుకు ప్రతికూలంగా మారిన నాటి నుంచి లెక్కకు వస్తుంది. ఆ 12 ఏళ్లూ మౌనంగా గడిస్తే, అదే చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం యజమాని హక్కే అంతరించిపోతుంది. 2019లో రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, ప్రతికూల స్వాధీనం ద్వారా హక్కు పొందిన వ్యక్తి దానిని ప్రతివాదిగా రక్షణకు వాడుకోవడమే గాక, తానే వాదిగా దావా వేసి కూడా నిలబెట్టుకోవచ్చునని స్థిరపడింది. అయితే కేవలం ఎక్కువ కాలం ఉన్నంత మాత్రాన సరిపోదని, ఆ స్వాధీనం బహిరంగంగా, నిరంతరాయంగా, అసలు యజమాని హక్కును కాదంటూ సాగి ఉండాలని, ఆ భారమంతా అలా వాదించేవారి మీదే ఉంటుందని కూడా కార్యాలయంవారు స్పష్టం చేశారు. భయపెట్టి కేసు తీసుకోవడానికి 12 ఏళ్ల లెక్కను వాడుకోకుండా, మాకు ఎంత వ్యవధి మిగిలి ఉందో కాగితం మీద రాసి చూపించారు. ఈ నిజాయితీని నేను ప్రత్యేకంగా మెచ్చుకుంటున్నాను.

స్థలంలో ఉన్నవారు ఎవరన్నది తేల్చడానికి వారు వెచ్చించిన శ్రద్ధ మరో ముఖ్యాంశం. అద్దెకు దిగి ఖాళీ చేయని వ్యక్తి, కాపలాకు పెట్టుకుంటే తనదేనంటున్న వ్యక్తి, హద్దు జరిపిన పొరుగువారు, ఏ ఆధారమూ లేకుండా చొరబడిన అపరిచితుడు, తన దగ్గరా రిజిస్టర్డు దస్తావేజు ఉందని చూపే వ్యక్తి, ఈ అందరినీ మనం వ్యవహారంలో కబ్జాదారులనే అంటాము. న్యాయస్థానం మాత్రం వారిని వేర్వేరుగా చూస్తుంది. అద్దెదారు విషయంలో, రాతపూర్వక ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, నెలవారీ కిరాయికి ఆస్తి బదిలీ చట్టంలోని 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసుతో కిరాయిని రద్దు చేసి ఖాళీ చేయించే దావా వేయవలసి ఉంటుంది. అద్దె నియంత్రణ చట్టం వర్తించే భవనమైతే దారి వేరు. కాపలాదారు గానీ పనివాడు గానీ ఎన్నేళ్లు ఉన్నా ఆస్తిలో హక్కు పొందలేడని 2012లో మరియా మార్గరిడా కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అనుమతితో మొదలైన స్వాధీనం దానంతట అదే ప్రతికూలంగా మారదు. మా స్థలంలో ఉన్నవారు చివరి రకానికి చెందినవారు. వారి చేతిలోనూ ఒక విక్రయ దస్తావేజు ఉంది.

దస్తావేజుల పరిశీలనలో ఈ కార్యాలయానికి నా దృష్టిలో పూర్తి మార్కులు వేయవచ్చు. మా నాన్నగారి దస్తావేజుతో పాటు దాని వెనుకనున్న లింకు దస్తావేజులన్నీ (స్థలం అంతకుముందు చేతులు మారిన పత్రాలు), లేఅవుట్ నక్షా, ఖాళీ స్థలం పన్ను రసీదులు, ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలను చూపే పత్రం) తెప్పించారు. ఆన్‌లైన్‌లో దొరికే ఈసీ సాధారణంగా 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లకే పరిమితమని, అంతకుముందు లావాదేవీల కోసం సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో విడిగా దరఖాస్తు చేయాలని చెప్పి, ఆ పని తామే చేయించారు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే కనిపిస్తాయనీ, స్థలం ఎవరి స్వాధీనంలో ఉందో అది చెప్పదనీ గుర్తుచేశారు. ఆ తర్వాత ఎదుటివారి దస్తావేజుకు ధ్రువీకృత నకలు తీసి, దాని షెడ్యూలును (ఆస్తి నంబర్లు, హద్దులు రాసిన భాగాన్ని) మా షెడ్యూలు పక్కన పెట్టి చదివారు. సర్వే నంబరు ఒక్కటే; ప్లాటు నంబరూ ఒక్కటే; కానీ వారి దస్తావేజులో పడమటి హద్దుగా రాసిన రోడ్డు, లేఅవుట్ నక్షాలో ఎక్కడా లేదు. పైగా వారికి అమ్మిన వ్యక్తి తన హక్కుకు ఆధారంగా చూపింది జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించడానికి ఇచ్చే అధికార పత్రం) మాత్రమే. జీపీఏతో గానీ అమ్మకపు ఒప్పందంతో గానీ ఆస్తిపై యాజమాన్యం బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జీపీఏ హోల్డరు అసలు యజమాని తరఫున దస్తావేజు రాయవచ్చు. కానీ ఇక్కడ ఆ జీపీఏ ఇచ్చిన వ్యక్తికే అప్పటికి హక్కు మిగిలి లేదని లింకు దస్తావేజులు చూపుతున్నాయి. ఇంత చిన్న అక్షరాలలో దాగిన విషయాన్ని పట్టుకోవడమే ఈ వృత్తిలో నైపుణ్యమని నేను భావిస్తున్నాను.

ఇక దావా ఎంపిక. ఆరు నెలల గడువు మాకు ఇంకా మిగిలి ఉన్నా, 6వ సెక్షన్ దావాను వారు సిఫారసు చేయలేదు. మొదట ఇది మాకు ఆశ్చర్యం కలిగించింది. ఆ దావాలో హక్కు విచారణ జరగదు గనుక, గెలిచినా ఎదుటివారు తమ దస్తావేజు పట్టుకుని హక్కు దావా వేస్తారని, అప్పుడు అదే పోరాటం మళ్లీ మొదటి నుంచి చేయాలని వారి వాదన. పైగా ఖాళీ స్థలంలో మన వాస్తవ స్వాధీనాన్ని సాక్ష్యంతో నిరూపించడం ఇంటి విషయంలో కంటే కష్టం. వరంగల్‌లోని స్థలాలకు సంబంధించి 2008లో అనతుల సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును వారు ఇందుకు ఆధారంగా చూపారు. హక్కుపై వివాదం లేకుండా స్వాధీనం మాత్రమే పోయినప్పుడు స్వాధీనం కోరుతూ, హక్కు మీద కూడా నీడ పడినప్పుడు హక్కు ప్రకటన, స్వాధీనం, శాశ్వత ఇంజంక్షన్ (ఎదుటివారు జోక్యం చేసుకోకుండా నిషేధపు ఉత్తర్వు) మూడూ కోరుతూ దావా వేయాలని, కేవలం ఇంజంక్షన్ దావాతో సరిపెట్టుకోవడం అలాంటి చోట తగదని ఆ తీర్పు వివరిస్తుంది. భవనం లేని ఖాళీ స్థలంలో ఎవరు స్వాధీనంలో ఉన్నారో తేలనప్పుడు, స్వాధీనం హక్కుదారునిదేనని భావిస్తారన్న సూత్రం కూడా అందులోనిదే. కోర్టు ఫీజు తగ్గుతుందన్న ఒక్క కారణంతో ఇంజంక్షన్ దావా మాత్రమే వేసి, ఏళ్ల తర్వాత దావా రూపమే తప్పని కొట్టివేతకు గురైనవారి గురించి మేము ఇతరచోట్ల విన్నాము. స్వాధీనం కోరే దావాకు ఆస్తి మార్కెట్ విలువను బట్టి ఫీజు కట్టవలసి రావడం నిజమే. అయినా ఈ సలహా సరైనదని నాకు పూర్తి నమ్మకం కలిగింది.

మేము ఈ కార్యాలయాన్నే ఎంచుకోవడానికి మరో కారణం ఉంది. అంతకుముందు కొందరు పెద్దమనుషులు సెటిల్‌మెంట్ చేసి పెడతామని, రాత్రికి రాత్రి గది తీయించేస్తామని ముందుకు వచ్చారు. కార్యాలయంవారు మొదటి రోజే దీనిని నిక్కచ్చిగా కాదన్నారు. స్థలంలో స్థిరపడిన వ్యక్తి హక్కు లేనివాడైనా సరే, అతణ్ణి చట్టప్రకారమే ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు 1989లో కృష్ణారామ్ మహాలే కేసులోనూ, 2003లో రామే గౌడ కేసులోనూ చెప్పింది. బలవంతంగా తీయిస్తే, మనకు రక్షణగా ఉన్న ఆ 6వ సెక్షనే ఎదుటివారి చేతికి ఆయుధమవుతుంది. ఆరు నెలల్లోపు వారు దావా వేస్తే, దస్తావేజు మన పేరునే ఉన్నప్పటికీ న్యాయస్థానం వారికి తిరిగి స్వాధీనం ఇప్పించవచ్చు. దానికి తోడు దౌర్జన్యం చేశారన్న క్రిమినల్ కేసు మన మీద పడుతుంది. ఇలా స్థిరపడకముందు, అంటే చొరబాటు జరుగుతుండగానో జరిగిన వెంటనేనో, యజమాని దానిని పరిమితమైన రీతిలో అడ్డుకోవచ్చునని కూడా చట్టం అంగీకరిస్తుంది. ఆ దశ దాటిపోయిందో లేదో సొంతంగా నిర్ణయించుకోవద్దని, ముందు తమకు ఫోన్ చేయమని వారు చెప్పారు. ఆస్తి తగాదాలలో ఆవేశం ఎంత సహజమో తెలిసినవాడిగా, క్లయింటుకు నచ్చని మాటను ఇంత సూటిగా చెప్పగలిగిన న్యాయవాదిని నేను గౌరవిస్తాను.

పోలీసు ఫిర్యాదు విషయంలో వారి సేవ మధ్యస్థంగా ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 329వ సెక్షన్ అక్రమ ప్రవేశానికి సంబంధించినది. నేరం చేయాలన్న లేదా స్వాధీనంలో ఉన్నవారిని బెదిరించాలన్న, అవమానించాలన్న, ఇబ్బంది పెట్టాలన్న ఉద్దేశం ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. ఫిర్యాదు చక్కగా రాసి ఇచ్చారు, నకిలీ దస్తావేజు ఆరోపణను తొందరపడి అందులో చేర్చలేదు. కానీ ఇది సివిల్ వివాదమన్న సమాధానం ఎదురైనప్పుడు తదుపరి ఏం చేయాలో మేము అడిగాక గానీ చెప్పలేదు. శాంతిభద్రతలకు భంగం కలిగే అవకాశం ఉన్న భూవివాదాలలో కార్యనిర్వాహక మేజిస్ట్రేటు జోక్యం చేసుకునే 164వ సెక్షన్ భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 145వ సెక్షన్. సివిల్ దావా ఇప్పటికే నడుస్తున్నచోట దానిని ఆశ్రయించడం వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదని వారు ఇచ్చిన వివరణ సబబుగానే ఉంది. అది మొదటే చెప్పి ఉంటే బాగుండేది.

దావాతో పాటు దాఖలు చేసిన మధ్యంతర దరఖాస్తులే ఇప్పటివరకు మాకు దక్కిన ప్రత్యక్ష ఫలితం. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 39వ ఆర్డరు కింద, తదుపరి నిర్మాణం చేపట్టకుండా, స్థలాన్ని ఇతరులకు అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ లభించింది. ఆస్తి బదిలీ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం దావా నడుస్తుండగా కొన్నవారు కూడా తీర్పుకు కట్టుబడవలసినవారే అయినా, కొత్త కొనుగోలుదారు వస్తే విచారణ మరింత చిక్కుపడుతుంది గనుక ఈ ఉత్తర్వు విలువైనదే. 26వ ఆర్డరు 9వ నియమం కింద అడ్వకేట్ కమిషనరును (స్థలాన్ని చూసి నివేదించడానికి కోర్టు పంపే న్యాయవాదిని) నియమింపజేసి, సర్వేయరు సాయంతో కొలతలు వేయించి, రేకుల గది ఎక్కడ ఉందో, హద్దురాళ్లు ఎక్కడ ఉన్నాయో నివేదిక, ఫోటోలు కోర్టు రికార్డులోకి తెచ్చారు. మరొక దూరదృష్టి గల పని కూడా చేశారు: పురపాలక సంఘానికి, విద్యుత్ పంపిణీ సంస్థకు వివాదం నడుస్తోందని దావా ప్రతులతో లేఖలు పంపారు. ఇంటి నంబరు, కరెంటు బిల్లు, పన్ను రసీదు హక్కును సృష్టించకపోయినా, స్వాధీనాన్ని చూపించే కాగితాలుగా ఒక్కొక్కటీ పోగవుతాయి. ఆ పోగును మొదట్లోనే ఆపడం గురించి మాకు మరెవరూ చెప్పలేదు.

లోపాలను కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. ఫీజు ఒప్పందంలో దావా దాఖలు, మధ్యంతర దరఖాస్తులు, వాదనలు ఉన్నాయి గానీ, కమిషనరు ఫీజు, సర్వే ఖర్చు, ధ్రువీకృత నకళ్ల ఖర్చు, పై కోర్టులో ఎదుటివారు అప్పీలు వేస్తే దానికి హాజరయ్యే ఖర్చు ఎవరు భరించాలో రాయలేదు. ఒక్కొక్కటీ ఎదురైనప్పుడు విడిగా అడిగారు. అడిగిన మొత్తాలు అన్యాయమైనవి కావు, కానీ ముందే రాసి ఇవ్వగలిగినవి. వాయిదా వివరాలు జూనియర్ల ద్వారా ఆలస్యంగా అందేవి. ఒక జూనియరు మారినప్పుడు కొత్తవారికి మేమే కేసు చెప్పవలసి వచ్చింది. చివరికి మేము ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరుతో (ప్రతి కేసుకూ ఉండే ప్రత్యేక గుర్తింపు నంబరు) వాయిదాలు మేమే చూసుకోవడం మొదలుపెట్టాము. ఏ న్యాయవాదిని పెట్టుకున్నా, దావా నంబరు పడిన రోజే సీఎన్ఆర్ నంబరు అడిగి తీసుకోవడం మంచిది.

వీటన్నిటికంటే నాకు బరువుగా తోచిన లోపం తీర్పు అమలు గురించి. డిక్రీ (తీర్పును అనుసరించి కోర్టు ఇచ్చే ఉత్తర్వు) వచ్చినా ఎదుటివారు దిగకపోతే ఏమి చేయాలన్న ప్రశ్నకు తొలి లిఖితపూర్వక అభిప్రాయంలో ఒక్క వాక్యం కూడా లేదు. మేము పట్టుబట్టి అడిగాక వివరించిన విషయాలు చాలా ముఖ్యమైనవి. స్వాధీనపు డిక్రీని అమలుచేయించడానికి ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయాలి. దానికి 12 ఏళ్ల గడువు ఉంటుంది. అదే, కట్టినదాన్ని తొలగించమని ఆదేశించే మ్యాండేటరీ ఇంజంక్షన్ డిక్రీ అమలుకు గడువు మూడేళ్లే. అమీనా (ఉత్తర్వును అమలుచేసే కోర్టు ఉద్యోగి) వెళ్లినప్పుడు మూడో వ్యక్తి ఎవరైనా అడ్డుపడితే, 21వ ఆర్డరు 97వ నియమం కింద మళ్లీ దరఖాస్తు చేయవలసి ఉంటుంది. అక్రమ స్వాధీనంలో ఉన్న కాలానికి నష్టపరిహారం కావాలంటే దావాలోనే కోరి ఉండాలి. ఆ కోరికను వారు చేర్చారు, కానీ ఎందుకు చేర్చారో మాకు చెప్పలేదు. యజమానికి కావలసింది తీర్పు ప్రతి కాదు, ఖాళీ అయిన స్థలం. ఈ దశను మొదటి సమావేశంలోనే చర్చించే కార్యాలయం మీకు దొరికితే, ఇతర విషయాల్లో కాస్త తక్కువైనా దానికే నేను ప్రాధాన్యం ఇస్తాను.

ఈ తరహా సేవ ఎవరికి తగినదంటే, రిజిస్టర్డు దస్తావేజు ఉండి, ఎదుటివారూ ఏదో ఒక కాగితం చూపుతున్నవారికి ఇది సరిగ్గా సరిపోతుంది. విదేశాలలో ఉన్నవారు తమ వారికి పవర్ ఆఫ్ అటార్నీ పంపి దావా నడిపించవచ్చు. భారత రాయబార కార్యాలయంలోనో కాన్సులేట్‌లోనో ధ్రువీకరించిన ఆ పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు చేయించాలన్న నియమాన్ని ఈ కార్యాలయం మా బంధువుకు సకాలంలో గుర్తుచేసింది. స్థలం ప్రభుత్వ భూమిగా నమోదై ఉంటే వ్యవహారం వేరు. దావాకు ముందు సాధారణంగా రెండు నెలల నోటీసు ఇవ్వాలి, ఆ రంగంలో అనుభవం ఉన్నవారినే చూసుకోవాలి. ప్రైవేటు న్యాయవాది ఫీజు భరించలేనివారు 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టాన్ని మరచిపోకూడదు. మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఇతరులకు నిర్ణీత ఆదాయ పరిమితికి లోబడి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేసి వివరాలు అడగవచ్చు. ఒంటరి మహిళల స్థలాలపైనా కబ్జాదారుల కన్ను పడుతుంది గనుక ఈ సంగతి వారికి చేరాలని నా కోరిక.

అయిదుకు నాలుగు మార్కులు వేస్తున్నాను. దస్తావేజుల పరిశీలనకు, దావా ఎంపికకు, బలప్రయోగాన్ని నిరాకరించిన తీరుకు ఆ నాలుగు. తగ్గించిన ఒకటి ఫీజు ఒప్పందంలోని ఖాళీలకు, అమలు దశపై మౌనానికి. తదుపరి దశకు కొత్త ఒప్పందం రాసుకునేటప్పుడు ఎగ్జిక్యూషన్ పిటిషన్ ఖర్చును, అప్పీలు ఖర్చును విడివిడిగా చూపమని అడిగాము; వారు అంగీకరించారు. వాది సాక్ష్యం త్వరలో మొదలవుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌కు మా నాన్నగారిని వారు ఎలా సిద్ధం చేస్తారో, ఎదుటివారి దస్తావేజులోని పడమటి హద్దు గురించి బోనులో ఏమి అడుగుతారో చూశాక ఈ సమీక్షకు మరికొంత చేరుస్తాను.